వెంకటేశయ్య బోరుకు చేసిన వైద్యం

శనివారం తెల్లవారి లేస్తూనే వెంకటేశయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దాసప్ప వస్తాడు, బోరులో మందు పోస్తాడు. మందు ఒక రోజు లోపల నానుతుంది. ఆదివారం కంప్రెసర్ పెట్టి మడ్డినంతా బయటికి ఊదేస్తారు. సోమవారం పొద్దున మొదటి షిఫ్టు వాళ్లు హాయిగా స్నానాలు చేసి కంపెనీ బస్సెక్కుతారు. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా చోటున్నట్టు ఆయనకు తోచలేదు. ఆయనకు తోచనివి లోకంలో చాలా ఉన్నాయి.

బెంగళూరు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో, అందరూ శెట్టి అని పిలిచే వెంకటేశయ్యది తాతల నాటి కిరాణా అంగడి. అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక పెరట్లో మూడంతస్తుల కట్టడం. అందులో బైకుల ఫ్యాక్టరీలో పని చేసే ఇరవై నాలుగు మంది అద్దెకుంటున్నారు. పిల్లలు లేని వెంకటేశయ్య, అంబుజమ్మలకు వాళ్లు మెట్లెక్కి దిగే చప్పుడే ఇంటి సందడి. ఎవరికి జ్వరమొచ్చినా అంబుజమ్మ గంజి కాచేది, ఎవరికి పెళ్లి కుదిరినా మొదటి శుభలేఖ ఈ ఇంటికే వచ్చేది. "అంకుల్ రూముల్లో నీళ్లకు కొదవ లేదు" అని వాళ్లు ఫ్యాక్టరీలో చెప్పుకుంటారని విన్ననాడు వెంకటేశయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆ నీళ్లే రెండు నెలలుగా సన్నబడ్డాయి. పూటకోసారి నిండే ట్యాంకు రెండు రోజులకు కూడా నిండడం లేదు. అద్దెవాళ్లలో పెద్దవాడు గిరీశ్, రాయల్పాడు మామిడి రైతుల బిడ్డ, మర్యాదస్థుడు. వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"అంకుల్, మిమ్మల్ని ఇడిసి పోవాలని మాకేమీ లేదు. సోమవారానికి నీళ్లు రాలేదంటే మాత్రం అందరం బచ్చప్ప బిల్డింగుకు పోతా ఉండాము."

బచ్చప్ప పంచాయతీ మెంబరు. వీధి చివర అతను కట్టిన కొత్త బిల్డింగుకు ఇంకా రంగు వాసన పోలేదు, గదులన్నీ ఖాళీ. రోజూ సాయంత్రం అతను వెంకటేశయ్య అంగడికి వచ్చి, ఒక బీడీ కట్ట కొని, మీ బోరు ఎట్లుందని చాలా ప్రేమగా అడిగి పోయేవాడు. ఇరవై నాలుగు మంది వెళ్లిపోతే ఆ మెట్ల మీద పిల్లులు తప్ప ఎవరూ నడవరన్న ఆలోచన వెంకటేశయ్యకు అన్నం సహించనివ్వలేదు. అందుకే బోర్ల మెకానిక్కు దాసప్పను పిలిపించాడు. దాసప్ప బోరులోకి చెవి పెట్టి విని, పైకి తీసిన పైపును గోటితో గీకి, కొత్త బోరు అక్కర్లేదని తేల్చాడు.

"నీళ్లు ఉండాయప్పా, దారే మూసుకొని ఉండాది. సున్నం గార కట్టేసింది లోపల. ఆసిడ్ పోస్తే అంతా కరిగి వచ్చేస్తాది."

శనివారం అన్నంత పనీ జరిగింది. మోటారు ముందు రోజే పైకి తీశారు. దాసప్ప ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, క్యాన్ల కొద్దీ ఆసిడ్ పైపు గుండా లోపలికి దించాడు. మడ్డి వదులు కావడానికి సబ్బునీళ్ల లాంటి మందు ఒకటి దాని మీద పోశాడు. బోరు మూతి మీద గోనెపట్టా కప్పి, రేపటిదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు, వంగి చూడకూడదు అని ఇంటిల్లిపాదికీ మూడుసార్లు చెప్పి భోజనానికి వెళ్లాడు. వెంకటేశయ్య అంగట్లో కూర్చుని బెల్లం తూస్తున్నాడు.

ఇంటిల్లిపాదిలో అంబుజమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెకు అది బోరు కాదు. పదకొండేళ్ల కిందట నీళ్లు పడిన రోజున పసుపు కుంకుమలతో పూజ చేసి, చీర పెట్టి, గంగమ్మ అని తానే పేరు పెట్టుకుంది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దీపం తప్పలేదు. అటువంటి గంగమ్మ కడుపులో కళ్లముందే ఆసిడ్ పోశారు. వంటింటి కిటికీలోంచి వింటే లోపలి నుంచి గుడగుడమని చప్పుడు. ఆ చప్పుడు అంబుజమ్మకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లుగా మిరపకాయ బజ్జీలు తిన్న ప్రతి రాత్రీ భర్త పొట్టలో వింటున్నదే. దానికి మందు కూడా ఆమెకు తెలుసు. గ్లాసు నీళ్లలో చిటికెడు వంటసోడా. ఒక్క తేపు వస్తే ప్రాణం కుదుటపడుతుంది.

మనిషికి చిటికెడయితే వెయ్యడుగుల గంగమ్మకు ఎంత? అంగడి గోదాములో బేకరీల కోసం తెప్పించిన సోడా బస్తా ఉంది. కిరాణా ఇంటి కోడలు దేవుడి దగ్గర పిసినారితనం చూపదు. అంబుజమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని, దాసప్ప చెప్పినట్టే వంగి చూడకుండా, చేటలతో మోసి మోసి బస్తా మొత్తం గంగమ్మ నోట్లో పోసి, పట్టా మళ్లీ కప్పి, దండం పెట్టి లోపలికి వచ్చింది. ఆసిడ్‌కు సోడా తగిలితే ఏమవుతుందో చెప్పవలసిన దాసప్ప అప్పటికి రెండో ముద్దకు సాంబారు కలుపుకుంటున్నాడు.

గంగమ్మకు తేపు వచ్చింది. గోనెపట్టా ఎగిరి కట్టడం మొదటి అంతస్తు బాల్కనీలో పడింది. దాని వెంట తెల్లటి నురగ, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగి, పెరడంతా నిండి, పక్కసందులోంచి వీధిలోకి నడిచింది. అంగడి వెనక తలుపు కింది నుంచి నురగ వచ్చి కాళ్లు తడిపేదాకా వెంకటేశయ్యకు సంగతి తెలియలేదు. తెలిసేసరికి వీధిలో వందమంది, వందమంది చేతుల్లో ఫోన్లు.

అక్కడ బచ్చప్ప ముందే ఉన్నాడు. బెంగళూరు మురుగును శుద్ధి చేసి జిల్లా చెరువులకు వదిలిన నాటి నుంచి, ఈ ప్రాంతంలో ఎక్కడ నురగ కనిపించినా జనానికి గుర్తొచ్చేది ఆ మురుగు ఒక్కటే. బచ్చప్ప గొంతు పెంచనక్కర లేకపోయింది. బెంగళూరు నురగ భూమి కిందుగా వచ్చి శెట్టి బోరులో తేలిందని ఒక్కరితో అన్నాడు. రెండు నిమిషాల్లో వీధిలో వాళ్లంతా తమ కొళాయిలు కట్టేశారు. ఎదుటి హోటలువాడు నిండు గుండిగ సాంబారు మురుగు పోయే మోరీలో కుమ్మరించాడు. నురగ అడ్డం పడి కంపెనీ బస్సు ఆగిపోయింది.

వెంకటేశయ్యకు తన బోరు పరువు పోవడం సహించలేదు. అంగడి మెట్టెక్కి నిజం చెప్పేశాడు.

"ఇది మోరీ నీళ్లు కాదప్పా. మేమే ఆసిడ్ పోసినాము."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ పని ఈ ఒక్క మాట చేసింది. వీధి గుప్పుమంది. శెట్టి నీళ్లలో ఆసిడ్ కలుపుతున్నాడట. ఎన్నాళ్ల నుంచి కలుపుతున్నాడో. మూడో అంతస్తులో ఒకడికి దురద. రెండో అంతస్తులో ఒకడికి కళ్లమంట. గిరీశ్ నెమ్మదిగా తలమీద చెయ్యి పెట్టుకుని, ఈ గదిలో చేరిన తరువాతే తనకు జుట్టు రాలడం మొదలయిందని గుర్తు చేసుకున్నాడు. వాళ్ల నాన్నదీ తాతదీ బట్టతలేనన్నది ఆ సమయంలో అతనికి గుర్తు రాలేదు.

అప్పుడు సాంబారు చేత్తోనే దాసప్ప పరుగెత్తుకొచ్చాడు. శెట్టిని కాపాడాలని అతని ఉద్దేశం. సంచిలోంచి పరీక్ష కాగితం తీసి, నురగలో ముంచి, అందరికీ కనపడేలా పైకెత్తాడు. అది ఎర్రబడలేదు. చిటికెడు ఆసిడ్ గుణం కూడా లేదు. చూసుకోండి, ఆసిడ్ లేదు, శెట్టి నిర్దోషి అని దాసప్ప ప్రకటించాడు. వెంటనే తన ఆసిడ్ ఏమయిందన్న అనుమానం వచ్చి, క్యాన్లు అమ్మినవాడు నీళ్లు నింపి ఇచ్చాడని వాడిని తిట్టడం మొదలుపెట్టాడు. వెంకటేశయ్యకు ప్రాణం లేచి వచ్చింది. అది కూర్చునేలోగా బచ్చప్ప చాలా శాంతంగా అందుకున్నాడు.

"ఆసిడ్ కాదంటే ఇంగ మోరీ నీళ్లే కదప్పా."

వెంకటేశయ్య మెట్టు దిగాడు. తలుపు చాటు నుంచి అంబుజమ్మ పిలిచింది. గంగమ్మకు తేపు కాస్త ఎక్కువగానే వచ్చిందని, సోడా బస్తా ఖాళీ అయిందని చెవిలో చెప్పింది. ఆయనకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. ముప్ఫై ఏళ్లలో ఆమె ఏ పని చేసినా ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేసినదాన్ని బాగు చేయడానికి మాత్రం ఏ మెకానిక్కూ దొరకడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని మళ్లీ మెట్టెక్కాడు. ఇంటావిడ బోరులో సోడా ఉప్పు పోసిందని, నురగ దానిదేనని చెప్పాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొదట మోరీ కాదన్నాడు, తరువాత ఆసిడ్ అన్నాడు, ఇప్పుడు తప్పును పెళ్లాం మీదికి నెడుతున్నాడు. కుండ మూతికి మూకుడు దొరుకుతుంది గానీ ఊరి నోటికి ఎక్కడ దొరుకుతుంది? రెండు సార్లు మెట్టెక్కి మూడు నిజాలు చెప్పి, వెంకటేశయ్య ఆ పూట ఊళ్లో అందరికంటే పెద్ద అబద్ధాలకోరు అయ్యాడు.

పంచాయతీ అధికారిణి రశ్మి సాయంత్రానికి వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మాట, చేతిలో నిబంధనల కట్ట. రెండు సీసాల్లో నీళ్లు పట్టి, బోరు మూతికి పట్టీ చుట్టి, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరూ ముట్టరాదని కాగితం అంటించింది. మరునాడు వచ్చిన దాసప్ప కంప్రెసర్ గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది.

ఆదివారం పొద్దున ఇరవై నాలుగు మంది పరుపులు చుట్టుకుని బచ్చప్ప బిల్డింగుకు పోవడానికి దిగారు. అంబుజమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చక్కిలాల పొట్లం పెట్టింది. కొందరు తీసుకోవాలా వద్దా అని దాన్ని వాసన చూశారు. గిరీశ్ తాళాల గుత్తి ఇస్తూ వెంకటేశయ్య ముఖం చూడలేకపోయాడు.

"కోపం లేదు అంకుల్. పెండ్లి కావాల్సినోణ్ని, తలకాయ మీద నాలుగు ఎంట్రుకలన్నా ఉండాల కదా."

తరువాతి పదకొండు రోజులు ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు. పొద్దున అయిదింటికి మెట్ల మీద చప్పుడు కోసం వెంకటేశయ్య అలవాటుగా మేలుకొనేవాడు. చప్పుడు ఉండేది కాదు. అంబుజమ్మ చేయి తప్పి ఎక్కువ కాఫీ కలిపి, చాలాసేపు చూసి, తొట్టిలో పోసేది. తనవల్లే ఇల్లు బోసిపోయిందని ఒకసారి అన్నది. ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ రోజుల్లో వాళ్లను చూసినవాడు నవ్వలేడు.

పన్నెండో రోజు ఫలితం వచ్చింది. నీళ్లలో మురుగు లేదు, ఆసిడ్ లేదు, మందు పోసిన చోట ఉండే కాస్త ఉప్పదనం కడిగితే పోతుంది. రశ్మి తానే వచ్చి పట్టీ విప్పి, బోరు కడగమంది. దాసప్ప కంప్రెసర్ తిప్పాడు. మొదట నల్లటి మడ్డి వచ్చింది. తరువాత అరచేతులంత సున్నపు పెళ్లలు వచ్చాయి. ఆ తరువాత భూమి వణికి, పాలకంటే స్వచ్ఛమైన నీళ్లు రెండో అంతస్తు ఎత్తుకు లేచాయి. ఆసిడ్ ఒక్కదానితో కరగని గార, ఆ సోడా పొంగు ధాటికి ఊడిపోయిందని దాసప్ప లెక్క కట్టాడు. ఇరవై ఏళ్ల అనుభవంలో ఇట్లాంటిది చూడలేదని చెబుతూ అంబుజమ్మ వైపు చేతులు జోడించాడు. ఆమె తడిసి ముద్దయి, నవ్వుతూ ఏడుస్తోంది. వెంకటేశయ్య ఆమె చెయ్యి పట్టుకుని వీధి వీధంతా చూస్తుండగా నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బస్సు దిగిన గిరీశ్ ఆ నీళ్ల కింద తల పెట్టి, ఆదివారం అందరం తిరిగి వచ్చేస్తామని అరిచి చెప్పాడు.

ఆ సంతోషం అరగంట సాగింది. అరగంటసేపూ రశ్మి ఒక డ్రమ్ము పెట్టి, గడియారం చూసుకుంటూ నీళ్లు కొలుస్తూనే ఉంది. కొలత అయ్యాక కట్టలోంచి కాగితం తీసింది.

"సార్, ఊరి బోరు ఎండిపోయి వారమయింది. ఇన్ని నీళ్లుండే బోరును తాగేనీళ్లకు తీసుకోవాలని రూలు ఉండాది. వానలు పడేదాకా ఇది పంచాయతీది."

ఊళ్లో మంచి బోరు కనిపిస్తే తీసుకోవాలని తీర్మానం పెట్టినవాడు బచ్చప్పే. అతనే దండ తెచ్చి, దాత వెంకటేశయ్య అని పొగిడి, మెడలో వేశాడు. నాలుగు రోజుల్లో మోటారు మళ్లీ లోపలికి దిగింది, పైపులు పడ్డాయి. మోటారు వెంకటేశయ్య పెరట్లోనే ఉంది కాబట్టి దాన్ని వేసే బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. మొదటి లైను వీధి చివర బచ్చప్ప బిల్డింగుకు వెళ్లింది. అక్కడ ఇరవై నాలుగు మంది ఉన్నారని, షిఫ్టుల వాళ్లని, వేళకు నీళ్లు అందకపోతే పనికి ఆలస్యమవుతుందని మెంబరు బచ్చప్ప కమిటీకి నచ్చజెప్పాడు. నీళ్లు వస్తుంటే మళ్లీ పరుపులు మోయడం ఎందుకని గిరీశ్ కూడా మర్యాదగా ఫోన్ చేసి చెప్పాడు.

మొదటి రోజు తెల్లవారి అయిదింటికి వెంకటేశయ్య స్విచ్ వేశాడు. మోటారు మోగింది, పైపు వణికింది, వీధి చివర కొళాయిల కింద బకెట్లు మోగాయి. తన కట్టడానికి నీళ్లు ఎప్పుడొస్తాయని రశ్మిని అడిగాడు. ఆమె పాపం జాబితా మొత్తం రెండుసార్లు వెతికి చూపించింది. అందులో ఆయన కట్టడం పేరుకు ఎదురుగా, మనుషులెవరూ లేరు కాబట్టి నీళ్లు అవసరం లేదని రాసి ఉంది.