బటన్ స్ట్రీట్‌లో గుర్రం

బుధవారం ఉదయానికి ఎస్టెల్ ప్లాట్‌కిన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. నలభై ఆరో వీధిలోని గ్రీకుల కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోవాలి. ఆమ్లెట్ తినాలి. ముందురాత్రి తొలి ప్రదర్శన జరిగిన ‘బటన్ స్ట్రీట్’ మీద సమీక్షలు వినాలి. విమర్శకులకు ఏమీ తెలియదని తేల్చి, మధ్యాహ్నం రెండు గంటల ఆటకు వెళ్లి చేతులు మండేలా చప్పట్లు కొట్టాలి. ఇరవై రెండేళ్లుగా బ్రాడ్వేలో ఏ కొత్త ఆట మొదలైనా మర్నాడు ఆమె చేసే పని ఇదే.

ఆ బల్ల దగ్గర చేరే ముగ్గురు నేస్తాలకు ఒక కట్టుబాటు ఉంది. సమీక్షలు రాత్రికి రాత్రే ఫోన్లలోకి వచ్చేస్తాయి, అయినా తెల్లారి ముగ్గురూ కలిసేదాకా ఎవరూ చూడకూడదు. కలిశాక ఒకరే పైకి చదవాలి. చదివేటప్పుడు రాసినవాళ్ల పేరున్న వరుసను బొటనవేలితో మూసేయాలి. వాక్యాల పోకడను బట్టి అది ఎవరి కలమో మిగతా ఇద్దరూ పట్టుకోవాలి. వేలు తీసేది ఆఖర్న చీజ్‌కేకు వచ్చాకే.

పట్టుకోవడంలో తనను మించినవాళ్లు లేరని ఎస్టెల్ నమ్మకం. ఆమెకు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్లు బడి కార్యాలయంలో పనిచేసి, ఏ పిల్లవాడి కడుపునొప్పి నిజమో ఏది అబద్ధమో ముఖం చూసి చెప్పిన మనిషి. నాటకాల జాతకమూ అంతే ధీమాగా చెప్పేది. ఒకసారి ఓ నాటకం వారం ఆడదంది, అది ఏడేళ్లు ఆడింది. అది జనం అభిరుచి చెడిపోవడం వల్ల జరిగింది తప్ప తన లెక్క తప్పడం వల్ల కాదని ఆమె ఇప్పటికీ అంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మిగతా ఇద్దరిలో మెల్విన్ క్రౌస్ నలభై ఏళ్లు కళ్లద్దాల దుకాణం నడిపాడు. ఊరందరికీ చూపు సరిచేసిన ఆ పెద్దమనిషి తన ఫోన్‌ను మాత్రం చేయంత దూరంలో పెట్టుకుని చదువుతాడు. డెస్మండ్ ఆర్చిబాల్డ్ జమైకా నుంచి వచ్చి బ్రూక్లిన్‌లో బస్సు నడిపి విరమించాడు, ఇప్పుడు చర్చి గాయక బృందంలో గొంతు సవరిస్తుంటాడు. మంచి మనిషే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఈసారి ఎస్టెల్‌కు ఆమ్లెట్ సహించలేదు. గుండీల కర్మాగారంలో సమ్మె కథ ‘బటన్ స్ట్రీట్’. పాత నాటకమే, మళ్లీ రంగస్థలం ఎక్కించారు. అందులో మూడో సమ్మెదారు వేషం ఆమె చెల్లెలి కొడుకు జోనాది. వాడికి బ్రాడ్వేలో అదే మొదటి వేషం. ఆరేళ్లప్పుడు వాణ్ణి చెయ్యి పట్టుకుని నాటకానికి తీసుకెళ్లింది ఎస్టెలే. పళ్ల డాక్టరు కావలసిన పిల్లాణ్ణి పాడుచేశావని చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది. జోనా మాత్రం ఏ పని చేయబోయినా ముందు పెద్దమ్మకు ఫోన్ చేసి సలహా అడుగుతాడు. తానేం చెప్పిందో, వాడేం చేశాడో ఆమె ఎన్నడూ పోల్చి చూసుకోలేదు. అడుగుతున్నాడు, ఆమెకు అదే చాలు.

సోమవారం కూడా అడిగాడు. మయామీ నుంచి తిరిగే విహార నౌకలో ఏడాది పాటు ఆటపాటల ఉద్యోగం వచ్చిందట, బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా వస్తాడో రాడో చెప్పాలట. సమీక్షలు బాగోకపోతే ఈ ఊళ్లో నాటకం నాలుగు రోజుల్లో మూతపడుతుంది. ఇక్కడ వేషమూ పోయి అక్కడ ఓడా పోతే వాడు మళ్లీ కాఫీలు అందించుకోవాలి. “సమీక్షలు రానీ, చెప్తాను” అంది ఎస్టెల్.

“చదువు మెల్విన్, నా వల్ల కావట్లేదు” అంది ఇప్పుడు.

మెల్విన్ ఫోన్లో నాటకం పేరు కొట్టి, పక్కన ‘సమీక్ష’ అని చేర్చి, అన్నిటికన్నా పైనున్నది నొక్కాడు. బొటనవేలితో పై వరుస మూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“‘బటన్ స్ట్రీట్’లో గుండీలన్నీ ఉన్నాయి, చొక్కానే లేదు.”

బల్ల మీద ఫోర్కులు ఆగిపోయాయి.

“ప్రిసిల్లా డన్!” అంది ఎస్టెల్ పళ్లు బిగించి. “ఆ వెటకారం ఆవిడదే. ఇంకెవరిదీ కాదు. కానివ్వు.”

“ఇరవై ఎనిమిది వాద్యాలు కలిసి ప్రేక్షకులకు కునుకు పట్టకుండా కాపాడాయి...”

“ఇరవై ఎనిమిదా?” అన్నాడు డెస్మండ్. “మనం చూసినప్పుడు నేను లెక్కపెట్టాను. పద్నాలుగే ఉన్నాయి.”

“విమర్శకులకు లెక్కలు వస్తే విమర్శకులు ఎందుకవుతారు? చదువు మెల్విన్.”

“రెండో అంకంలో వేదిక మీదికి వచ్చిన గుర్రమే నటులందరిలోకీ సహజంగా నటించింది.”

“గుర్రమేంటి?” డెస్మండ్ కాఫీ కప్పు దించేశాడు. “మనం రెండు వారాల క్రితం ప్రివ్యూ చూశాం కదా ఎస్టెల్, గుర్రం లేదే!”

“ఇన్నేళ్లు నాటకాలు చూసి నీకు అబ్బింది ఇంతేనా?” అంది ఎస్టెల్ జాలిగా. “ప్రివ్యూలంటేనే రోజుకో మార్పు. పాట తీస్తారు, పాత్ర తీస్తారు. మొన్న గుర్రం పెట్టి ఉంటారు. నేను ముందే చెప్పానా లేదా, రెండో అంకం ఖాళీగా ఉందని?”

నిజమే, చెప్పింది. నాటకాల సంగతి తెలియనివాడైతే ఆ గుర్రం దగ్గరే ఆగిపోయేవాడు. వీళ్లకు తెలుసు కాబట్టి ముందుకు సాగారు.

“మూడో సమ్మెదారు అరువు తెచ్చుకున్న బూట్లతో ఆడుతున్నట్టు ఆడాడు” అని చదివి మెల్విన్ తలెత్తలేదు. “శనివారం దాకా నడిస్తే గొప్ప.”

ఎస్టెల్‌కు ఒక్కసారిగా కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. తనను ఏమన్నా పడేది. కానీ ఆ పిల్లాడు ఆ బూట్ల కోసం పదేళ్లు కాళ్లు పుళ్లు చేసుకున్నాడు. ఫోన్ తీసుకుంది.

“పెద్దమ్మా, నాకేం చెప్పకు!” అన్నాడు జోనా ఎత్తగానే. “మా దగ్గర ఎవరూ సమీక్షలు చదవరు, వినరు. తెలుసుగా!”

“నేనేం చెప్పట్లేదు నాన్నా. ఓడ ఎక్కు. అంతే.”

“ఖాయమేనా?”

“శనివారం దాటదు.”

“నిజంగా నమ్మకంగా చెప్తున్నావా?”

“నా ప్రాణం మీద ఒట్టు. ఇంత నమ్మకంగా ఎప్పుడూ చెప్పలేదు.”

“సరే పెద్దమ్మా. అయితే ఏం చెయ్యాలో తెలిసిపోయింది” అని పెట్టేశాడు.

ఇక మిగిలినవాళ్లు ఊరుకోలేదు. డెస్మండ్ గాయక బృందం పెద్దావిడకు ఫోన్ చేసి, పాపం ఆ పిల్లలను ఎవరో కడిగి ఆరేశారని, గుర్రంతో పోల్చి మరీ తిట్టారని చెప్పాడు. ఆవిడ మరో పదిమందికి చెప్పింది. ఆ పదిమందికీ బుధవారం పొద్దున వేరే పనేం లేదు. మెల్విన్‌కు బాధ వస్తే తిండి పంపడం అలవాటు. తెలిసిన దుకాణానికి ఫోన్ చేసి, పొగబెట్టిన చేపలు, బేగెల్ రొట్టెలు, ఉడికించిన గుడ్లు పెద్ద పళ్లెంలో సర్ది థియేటర్‌కు పంపమన్నాడు. అది మెల్విన్ వాళ్ల యూదుల్లో చావు జరిగిన ఇంటికి పంపే పళ్లెం. దుకాణంవాడికి మెల్విన్ గొంతు వినగానే అర్థమైంది. అడక్కుండానే ‘మీ దుఃఖంలో మేమూ ఉన్నాం’ అన్న చీటీ కూడా గుచ్చాడు.

పదకొండు దాటాక చీజ్‌కేకు తెచ్చిన వాసో ముగ్గురి ముఖాలూ చూసింది. ఆ హోటల్లో పదిహేనేళ్లుగా వడ్డిస్తున్న మనిషి.

“ఎవరు పోయారు?” అంది.

“బటన్ స్ట్రీట్” అన్నాడు డెస్మండ్.

“ఆ మూడో బల్లాయన పొద్దున్నే పేపర్లో అదే చదివి టికెట్ల కోసం పరిగెత్తాడే! కాఫీ కూడా తాగలేదు.” వాసో వెళ్లి ఆ పేపరు తెచ్చి బల్ల మీద పరిచింది. సగం పేజీ ఫొటో. కింద ప్రిసిల్లా డన్ పేరు. ‘ఈ దశాబ్దంలో ఇంత వెచ్చని నాటకం చూడలేదు’ అని మొదలుపెట్టి, చివర్లో ‘ఆ మూడో సమ్మెదారు మీద కన్ను వేసి ఉంచండి’ అని రాసింది. ఎక్కడా గుర్రం లేదు.

“మెల్విన్” అంది ఎస్టెల్ నెమ్మదిగా. “వేలు తియ్యి.”

మెల్విన్ వేలు తీశాడు. ఫోన్‌ను ఇంకాస్త దూరం జరిపాడు. పేరు పక్కనే తేదీ ఉంది. అక్టోబరు, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. అప్పుడు కూడా ఎవరో ఈ నాటకాన్ని తిరగదోడి, గుర్రంతో సహా వేదికెక్కించి, పదిరోజుల్లో మూసేశారు. ఆ పదిరోజులూ ఎస్టెల్ విరిగిన కాలుతో మంచం మీద ఉంది. రాసినాయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ప్రిసిల్లా డన్ అప్పటికి ఎనిమిదో తరగతి.

“అయినా శైలి మాత్రం ఆవిడదే” అని గొణిగింది ఎస్టెల్. వెంటనే పన్నెండు గంటల గడువు గుర్తొచ్చింది. జోనాకు ఫోన్ చేస్తే పలకలేదు. ఆటకు ముందు కాళ్లూ చేతులూ సాగదీసుకునే వేళ, ఫోన్లు కట్టేస్తారు.

ఆమె బిల్లు సంగతి కూడా చూడకుండా బయటపడింది. మోకాలి నొప్పి మర్చిపోయి ఎనిమిదో అవెన్యూ వెంట పరిగెత్తింది. వాడి జీవితంలో వచ్చిన ఒక్క మంచి రోజున తన నోటితోనే వాణ్ణి సముద్రం మీదికి తోలేసింది.

నటులు వెళ్లే వెనక గుమ్మం దగ్గర జాతర జరుగుతోంది. డెస్మండ్ చర్చి నుంచి టోపీలు పెట్టుకుని వచ్చిన ముప్పైమంది ఆడవాళ్లు, చావింటికి తెచ్చే బంగాళాదుంప వంటకం గిన్నెలతో నిలబడి మెల్లగా శోకగీతం అందుకున్నారు. చేపల పళ్లెం అప్పటికే లోపలికి వెళ్లింది. సమీక్షలు చదవని నటులు ఆ పళ్లేన్నీ చీటీనీ చదివారు, అంతా అర్థమైంది. ఇద్దరు సమ్మెదారులు మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. పులి మీద పుట్రలా గాయక బృందం పెద్దావిడ కథానాయిక డెలియా మార్ష్‌ను గుమ్మంలోనే పట్టుకుని, “ఆ గుర్రం మాట మనసులో పెట్టుకోకు తల్లీ” అని ఓదార్చిందట. డెలియాది కాస్త పొడుగు ముఖం. ఆవిడ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

“అంతా పొరపాటు!” అని అరిచింది ఎస్టెల్, పేపరు ఊపుతూ. “వినండి, అసలు సమీక్ష చదువుతాను...”

మెట్ల మీద ఇద్దరూ చెవులు మూసుకున్నారు. కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “అమ్మా, ఈ గుమ్మం దగ్గర సమీక్షలు చదవకూడదు. మంచివైనా సరే. నియమం నియమమే.”

“అయ్యా, మంచి సంగతయ్యా!”

“వచ్చినవాళ్లంతా అదే అంటారు.”

అప్పుడు లోపలి నుంచి జోనా వచ్చాడు. మెడలో తువ్వాలు, చేతిలో సగం తిన్న బేగెల్. గోడ గడియారం పన్నెండూ ఐదు చూపిస్తోంది.

“నాన్నా!” ఎస్టెల్ వాడి తువ్వాలు పట్టుకుంది. “ఓడవాళ్లకు చెప్పేశావా?”

“పొద్దున్నే. నీ ఫోన్ పెట్టేసిన మరుక్షణం.”

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. “నాదే తప్పు. ఓ పాతకాలం సమీక్ష విని నీ నోటి దగ్గర కూడు తన్నేశాను. ఇంకోసారి ఫోన్ చెయ్యి, వస్తానన్న మాట వెనక్కి తీసుకో, నేను మాట్లాడతాను...”

“రానని చెప్పాను పెద్దమ్మా.”

“ఏంటి?”

జోనా పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యేశాడు. “పదేళ్లుగా ప్రతిదీ నిన్నే అడుగుతున్నాను కదా. నాట్యం బడిలో చేరకన్నావు, చేరాను. ఈ నాటకంలో వేషాల ఎంపికకు వెళ్లకన్నావు, వెళ్లాను. నువ్వు ఏదంటే దానికి ఎదురు చేశాను, ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవాళ ప్రాణం మీద ఒట్టేసి మరీ ఎక్కమన్నావు. ఇక నాకు అనుమానం ఎందుకు?”

ఎస్టెల్ కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. వాడి చెయ్యి వెచ్చగా ఉంది. రెండు గంటలకు ఆ బూట్లు వేసుకుని వాడు వేదిక మీదే ఉంటాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెంటినీ వాడి తువ్వాలుతో తుడుచుకుంది.

“లోపలికెళ్లి ఆ డెలియాకు చెప్పు, గుర్రమంటే నిజం గుర్రమేనని” అంది. జోనా ఆమె నుదుట ముద్దు పెట్టి లోపలికి పరిగెత్తాడు.

మెల్విన్, డెస్మండ్ ఆయాసపడుతూ అప్పుడే చేరారు. ఎస్టెల్ లేచి, కోటు దులుపుకుని, టోపీ సరిచేసుకుంది.

“వాడు ఉండిపోయాడు” అని ప్రకటించింది. “నేను సలహా ఇవ్వకపోయి ఉంటే ఈపాటికి ఓడలో ఉండేవాడు.”

ఈ మాటలో తప్పు పట్టడానికి ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు కానీ, దొరకలేదు.