బెల్లినోతో సంతకం

ఆ శనివారం ఉదయం జానకీదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. గారెలు వండాలి, తలంటుకోవాలి, మధ్యాహ్నం భర్తతో కలిసి ఎయిర్‌పోర్టుకు వెళ్ళి, ఇటలీ నుంచి సెలవులకు వస్తున్న కూతురిని ఇంటికి తెచ్చుకోవాలి. దారిలో ఎవరైనా "నళిని అక్కడేం చేస్తోంది?" అని అడిగితే "రీసెర్చ్" అని చెప్పాలి. ఈ ఆఖరి పని ఆమెకు బాగా అలవాటైపోయింది.

నిజానికి నళిని ఇటలీలో ఫుట్‌బాల్ ఆడుతోంది. సరదాకి కాదు, ఉద్యోగంగా. 1986లో టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్న తెలుగువాళ్ళ పిల్లలు డాక్టర్లు కావాలి. లేదా ఇంజనీర్లు కావాలి. రెండూ కాకపోతే ఎందుకు కాలేదో చెప్పుకోవడానికి తల్లిదండ్రుల దగ్గర గట్టి కారణమైనా ఉండాలి. ఆడపిల్ల నిక్కరు తొడుక్కుని, బంతిని తన్ని జీతం తెచ్చుకుంటోందని చెప్పడానికి జానకీదేవికి నోరు రాలేదు. చిన్నప్పుడు సికింద్రాబాదులో గోడలెక్కి మ్యాచ్‌లు చూసిన భర్త వాసుదేవరావుకు మాత్రం ఊరంతా చాటాలని ఉండేది. ఆయన నోటికి ఆవిడే తాళం వేసింది.

మొదటి వాయి నూనెలో వేస్తుండగా, ఇడ్లీ రేకులు అడిగి తీసుకెళ్దామని పక్కవీధి రాధారాణి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"వదినా, నా చేతులు పిండిలో ఉన్నాయి. కాస్త నువ్వు తియ్యవూ?"

రాధారాణి తీసి తనెవరో చెప్పింది. లైనంతా గరగర.

"ఆంటీ, నేను నళిని. న్యూయార్క్‌లో ఉన్నా. కాయిన్స్ అయిపోతున్నాయ్, మమ్మీకి చెప్పండి. నేను బెల్లినోతో సైన్ చేశా. టూ ఇయర్స్‌కి."

"బెల్లినోతోనా? రెండేళ్ళకా?"

"యా. డాడీకి తెలుసు. ముందున్న వాళ్ళ కన్నా బెల్లినో చాలా బెటర్, ఆంటీ. టూ ఇయర్స్ తర్వాత నచ్చకపోతే ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. అండ్, నాతో ఒకళ్ళు వస్తున్నారు..."

లైను తెగిపోయింది.

బెల్లినో అన్నది ఇటలీలో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరని రాధారాణికి తెలిసే దారి లేదు. ఆమె నెమ్మదిగా రిసీవరు పెట్టేసి, గారెకు చిల్లు పెడుతున్న ఆ అమాయకురాలైన తల్లిని జాలిగా చూసింది.

"ఏమంటోంది?"

"వస్తోందట. ఎవరినో తీసుకొస్తోందట."

"రానీ పాపం. ఇంకో వాయి వేస్తాను."

కిటికీలోంచి చూస్తే, పెరట్లో వాసుదేవరావు ఈల వేసుకుంటూ గడ్డి కోస్తున్నాడు. కూతురి కాపురం రెండేళ్ళ ముచ్చటని తెలిసి కూడా ఈల వేస్తున్నాడంటే, ఈయన గుండె గుండె కాదు, రుబ్బురోలు అనుకుంది రాధారాణి. ఇడ్లీ రేకుల మాట మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది.

ఆమె మంచి మనిషి. విషయాన్ని ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీదే అందరికీ చెప్పింది. మధ్యాహ్నమయ్యేసరికి బెల్లినో ఒక ఇంట్లో హోటలు యజమాని, ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లల తండ్రి, కబురు పక్క ఊరు రిచర్డ్‌సన్ చేరేసరికి నళినికి మూడో భర్త.

స్నానం చేసి వచ్చిన జానకీదేవికి రిచర్డ్‌సన్ నుంచి రేణు ఫోను చేసింది.

"అక్కా, మాకు తెలిసిపోయింది. మీరు ధైర్యంగా ఉండాలి."

జానకీదేవి కుర్చీలో కూలబడింది. రీసెర్చ్ గుట్టు రట్టయిందన్నమాట!

"ఏం చెప్పమంటావు రేణూ! హైస్కూల్లోనే మొదలుపెట్టింది. అప్పుడే ఆపాల్సింది."

"హైస్కూల్లోనా!"

"ఈయనే ఎంకరేజ్ చేశారు. దగ్గరుండి కార్లో దించి వచ్చేవారు."

అవతల రేణు కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అక్కడైతే వేలమంది టికెట్ కొనుక్కుని మరీ చూస్తారట. పేపర్లో ఫోటోలు కూడా వేశారు. ఇక దాచేదేముంది చెప్పు?"

రేణు ఏదో గొణిగి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఆమె మంచినీళ్ళు తాగి కాసేపు పడుకుందని చెప్పుకున్నారు.

రాధారాణి భర్త కృష్ణమోహన్ తెలుగు సంఘానికి అధ్యక్షుడు. "జరిగిందేదో జరిగింది. మనవాళ్ళు నలుగురిలో తల దించుకోకూడదు" అని తీర్మానించి, సూపర్‌మార్కెట్‌లో పువ్వులు కొనిపించి రెండు దండలు కట్టించాడు. మూడు కార్లలో జనం ఎయిర్‌పోర్టులో గేటు దగ్గరికి చేరుకున్నారు.

వాళ్ళను చూడగానే వాసుదేవరావు కళ్ళు చెమ్మగిల్లాయి. తన కూతురి ఆటకు నలుగురూ మురిసే రోజు వచ్చిందనుకున్నాడు.

"మీ అందరికీ ఇంత అభిమానం ఉందని నాకు తెలీదండీ! బెల్లినోతో సైన్ చెయ్యమని సలహా ఇచ్చింది నేనే."

"మీరా?" అన్నాడు కృష్ణమోహన్.

"ఇంకో రెండు చోట్ల నుంచి కూడా అడిగారు. బేరం పెట్టి చూడమన్నాను."

రాధారాణి పక్కనున్న స్తంభం పట్టుకుంది.

అంతలో ప్రయాణికులు బయటికి వచ్చారు. అందరికంటే ముందు, ఆరడుగుల పొడవు, పొట్టి క్రాపు, ఛాతీ మీద పెద్ద అక్షరాలతో 'బెల్లినో' అని రాసి ఉన్న జాకెట్ తొడుక్కున్న మనిషి. కృష్ణమోహన్ గుండె దిటవు చేసుకుని, మునివేళ్ళ మీద లేచి, దండ వేసేశాడు.

"మిస్టర్ బెల్లినో, వెల్‌కమ్ టు అవర్ ఫ్యామిలీ."

"థాంక్యూ. నా పేరు కిర్‌స్టెన్. గోల్‌కీపర్‌ని" అంది ఆ డెన్మార్కు అమ్మాయి ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

వెనక నుంచి నళిని వచ్చి, దండనూ, అంకుల్‌నూ, నోళ్ళు తెరిచి నిలబడ్డ ఆంటీలనూ చూసింది. సంగతి విని, సంచీ కింద పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అంకుల్, బెల్లినో నా హస్బెండ్ కాదు! మై టీమ్! సాకర్ టీమ్!"

"అంటే పెళ్ళి కాలేదా?" అంది రాధారాణి.

"లేదు ఆంటీ."

"ముందు వాళ్ళు కూడా..."

"అదీ టీమే."

"హమ్మయ్య! ఉత్త బంతాటేనా తల్లీ! వెయ్యేళ్ళు ఆడుకో." రాధారాణి ఆమెను కావలించుకుని ఏడ్చేసింది. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి.

ఇన్నేళ్ళూ ఏ మాట బయటపడితే తల కొట్టేసినట్టవుతుందని భయపడిందో, ఆ మాట వినగానే జనం ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంటే జానకీదేవికి సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది.

"ఉత్త బంతాట ఏమిటి వదినా? పోయిన సీజన్‌లో పద్నాలుగు గోల్స్ కొట్టింది. అందులో మూడు ఎడమకాలితో. మోకాలు వాచిపోయినా ఫైనల్లో చివరిదాకా ఆడింది. ఊరికే కొనుక్కుపోతారా ఎవరైనా?"

నళిని నవ్వడం మానేసి తల్లి వంక చూసింది. "మమ్మీ, నీకివన్నీ ఎలా తెలుసు?"

"మీ నాన్నకు నువ్వు ఫోన్లో చెప్తుంటే వినపడదా? నాకేం చెవుడా?" అని జానకీదేవి కూతురి సంచీ లాక్కుని ముందుకు నడిచింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం వాసుదేవరావు ఒక్కడే చూశాడు.

పార్కింగ్‌లో కృష్ణమోహన్ తప్పు దిద్దుకునే ప్రయత్నం చేశాడు. "అమ్మా, పెళ్ళి కాలేదన్నారు కాబట్టి చెప్తున్నాను. హ్యూస్టన్‌లో మంచి కుర్రాడున్నాడు. హార్ట్ స్పెషలిస్టు. గ్రీన్ కార్డుంది, సొంత ఇల్లుంది. మాట్లాడమంటారా?"

జానకీదేవి కారు తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది.

"అబ్బాయి ఇటలీ వచ్చి ఉంటాడా?"

హ్యూస్టన్ డాక్టరు గారి ఊసు ఆ తర్వాత ప్లేనోలో ఎవరూ ఎత్తలేదు.