గడప మీద శూలయ్య

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ మూల ఏడుపు ఆ మూలకు వినపడనంత పెద్దదిలెండి, ఎర్రగుట్ట అని ఒక చిన్న గుట్ట ఉండేది. గుట్ట మీద ఒక ఊట. మండుటెండల్లో అడవంతా నాలుక చాచినా ఆ ఊట పారుతూనే ఉండేది. కుందేళ్ళు, కౌజుపిట్టలు, తాబేళ్ళు వంతులేసుకుని తాగేవి.

ఆ గుట్టకు సొంత పార్టీ ఒకటుంది. దాని పెద్ద, ఏదుపంది శూలయ్య. "గుట్ట మనది, గుట్ట మీదిది అందరికీ సమానం" అన్నది సిద్ధాంతం. మొదట్లో పార్టీలో ఐదుగురు. దుంపను తొక్క తీసి పంచాలా, తొక్కతోనే పంచాలా అన్న చోట ఇద్దరు చీలిపోయారు. తీసిన తొక్క ఎవరికి చెందాలన్న చోట ఇంకో ఇద్దరు. శూలయ్య ఒక్కడే మిగిలాడు.

"ఇప్పుడు చూడండి, పార్టీ అంతా ఒక్క మాట మీదుంది!" అనేవాడు.

ఆ యేడు ఎన్నికల్లో ఏనుగులూ అడవిపందులూ కలిపి పదిహేను తలలు వచ్చాయి. పులి పక్షానికీ పదిహేనే. మధ్యలో శూలయ్య. ఎన్నడూ గుట్ట ఎక్కని ఏనుగు భద్రయ్య దొర ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

"శూలయ్యగారూ, మీరు లోపలికొస్తేనే సర్కారు."

శూలయ్యకు లోపలికి వెళ్ళాలనే ఉంది. కానీ వెళ్తే దొరలతో కలిశాడంటారు. వెళ్ళకపోతే పులి వస్తుంది, గుట్ట బతకదు. మూడు రోజులు పడుకోకుండా ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. సభ జరిగే గుహకు గడప ఉంది కదా. ఆ గడప మీద కూర్చున్నాడు. తల లోపల, తోక బయట.

"ముందు సగం మద్దతు, వెనక సగం ఉద్యమం. ఊటను ముట్టుకున్నారో, రెండు సగాలూ బయటికొస్తాయి, జాగ్రత్త!" అని షరతు పెట్టాడు.

అలా రెండేళ్ళు కూర్చున్నాడు. రోజూ పొద్దున రెండు తీగదుంపలు ముందు వైపు వచ్చేవి. వెనక వైపు గుట్టవాళ్ళు వచ్చి దణ్ణం పెట్టేవారు. లోపల తనకు జరిగిన అవమానాలన్నీ శూలయ్యకు నోటికొచ్చు. మొదటి విందులో చినిగిన ఆకు వేశారు. రెండో విందులో దుంప చల్లారాక పెట్టారు. అడవిపంది ఒకరోజు బురద చిమ్మి "చూసుకోలేదు బావా" అన్నాడు. వాడు చూసుకోలేదేమో గానీ శూలయ్య చూసుకున్నాడు. మొహం మీద బురద ఆరిపోయింది, మనసులోది ఆరలేదు.

ఇలా ఉండగా ఒకరోజు సభకు ఆలస్యంగా వచ్చిన అడవిపంది, దారికి అడ్డంగా ఉన్న శూలయ్యను చూసి, "ఏయ్ గడపా, కాస్త జరుగు!" అన్నాడు.

శూలయ్య జరిగాడు. జరిగాక మండిపోయాడు.

"రెండేళ్ళ మద్దతుకు దక్కిన పేరా ఇది? పొద్దు గూకే దాకా నిరసన!" అని వెనక ముళ్ళన్నీ ఒక్కసారిగా లేపాడు. లోపలివాళ్ళకు అవి కనపడవు. కనపడకపోయినా నిరసన నిరసనే.

సరిగ్గా అప్పుడే ఎర్రగుట్ట నుంచి నాంచారమ్మ అనే ముసలి తాబేలు వచ్చింది. మూడు రోజులు నడిచి వచ్చింది. వెంట నాలుగు కుందేళ్ళు. గుహ వాకిలి నిండా ముళ్ళు.

"పెద్దాయనా, కాస్త ముళ్ళు దించు. లోపలికి పోయి గోడు చెప్పుకోవాలి."

"దించకూడదే నాంచారూ. దించితే నిరసన విరమించినట్టు."

"దేని మీదయ్యా నిరసన?"

"నన్ను గడప అన్నాడు!"

"అంటే అన్నాడు. అక్కడ ఊట..."

"ఊట సంగతే లోపల నడుస్తోంది, ఊరుకో. నా వెనక సగం ఉద్యమంలో ఉంది, ముందు సగం సభలో ఉంది. దాని మాట దీనికి పట్టదు."

లోపల ఉడుము గుర్నాథం లేచాడు. ఆయన సభకు కార్యదర్శి. ఏ సర్కారు వచ్చినా, ఏ సర్కారు పోయినా గోడను పట్టుకుని ఉండేది ఆయన ఒక్కడే.

"ఎర్రగుట్ట ఊట నీటిని అడవిలోని సమస్త ప్రాణులకూ సమానంగా అందించుటకు ఉమ్మడి మడుగుకు తరలించుట..." అని చదివాడు.

సమానం అన్న మాట వినగానే శూలయ్య చెవులు నిక్కాయి. తన మాట! సర్కారు నోట తన మాట! రెండేళ్ళ తపస్సు ఫలించింది. తల దానంతట అదే ఊగింది.

"ఉమ్మడి కాదయ్యా! అది ఏనుగుల బురద మడుగు! వెదురు దోనెలన్నీ అటే పెట్టేశారు!" అని వెనక నుంచి నాంచారమ్మ అరిచింది.

ఏనుగులు ఆనందంతో ఘీంకరించాయి. ఆ ఘీంకారంలో తాబేలు గొంతు ఎంత?

గోల తగ్గాక నాంచారమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి వినపడింది. శూలయ్య మొహం పాలిపోయింది.

"గుర్నాథం! ఊట ముట్టొద్దన్నానా లేదా?"

"తమరే తల ఊపారు గదండీ. సభంతా చూసింది."

"అయితే విను. ఇదిగో మద్దతు ఉపసంహరణ! మీ సర్కారు కూలింది!" అని శూలయ్య ముళ్ళు లేపినవి లేపినట్టే పెట్టి, వెనక్కి ఒక్క దూకు దూకాడు.

వెనకున్నది గుట్టవాళ్ళే కదా. నాలుగు కుందేళ్ళూ కుయ్యోమన్నాయి. నాంచారమ్మ డిప్పలోకి దూరింది కనక బతికింది.

"అయ్యో, మీకు గుచ్చుకున్నాయా?" అన్నాడు శూలయ్య.

"లేదులే నాయనా, ఉద్యమం తగిలింది" అంది డిప్పలోంచి నాంచారమ్మ.

అందరూ గుహ వైపు చూశారు, ఎప్పుడు కూలుతుందా అని. గుహ కూలలేదు. లోపలి నుంచి భద్రయ్య దొర గొంతు వినపడింది.

"ఏమిటీ ఈ గాలి? ఎవరో తెరిచారు, మూయండి!"

అడవిపంది ఇంకొకణ్ణి తోడు తెచ్చుకుని ఒక బండను దొర్లించి పోయాడు.

"నేను లేకుండా పదిహేనే గదా! సర్కారెట్లా నిలిచింది?" అని శూలయ్య నివ్వెరపోయాడు.

బండ పక్క సందులోంచి ఉడుము తల బయటపెట్టి, "పులి పక్షం నుంచి నలుగురు వచ్చి చేరి యేడాదైందండీ. వాకిట్లో తమరున్నారు గదా, పాపం వెనక బిలంలోంచి వచ్చారు" అన్నాడు.

వారం తిరక్కుండా గుర్నాథం గుట్టెక్కాడు. ఊట అప్పటికే దోనెల్లో పడి కిందికి పోతోంది. కుందేళ్ళు దోనె అతుకుల కింద నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

"శూలయ్యగారూ, బండ బరువుగా ఉందండీ. తీయాలంటే ఇద్దరు, మూయాలంటే ఇద్దరు. తమరైతే చెప్పగానే జరిగేవారు. దొరవారు రమ్మంటున్నారు. రోజుకు మూడు దుంపలు, చినగని ఆకులో."

"మరి ఊట?"

"ఒక కమిటీ వేస్తారట."

నాంచారమ్మ మెడ బయటపెట్టింది. "పోతే పో పెద్దాయనా. కానీ ఈసారి తిరిగి కూర్చో. మొహం మావైపు, ముళ్ళు వాళ్ళవైపు. అప్పుడు మా మాట నీకు వినపడుతుంది, నీ కోపం వాళ్ళకు గుచ్చుకుంటుంది."

శూలయ్య నొచ్చుకున్నాడు. "ముళ్ళు దొరల మొహాన పెట్టి కూర్చోమంటావా? మిత్రధర్మం అనేది ఒకటుంది నాంచారూ. నువ్వు రాజకీయం చదవలేదు."

చదవలేదని నాంచారమ్మ ఒప్పుకుంది. శూలయ్య మర్నాడే వెళ్ళి పాత చోటే కూర్చున్నాడు, తల లోపల, తోక బయట. నాంచారమ్మ అన్న మాటను మాత్రం అవమానాల వరసలో చేర్చుకున్నాడు.

గడప మీద కూర్చున్నవాణ్ణి లోపలివాడూ మావాడే అంటాడు, బయటివాడూ మావాడే అంటాడు. తాను ఒట్టి తలుపన్న సంగతి వాడొక్కడికే తెలియదు.