వెనక గుమ్మంలో చేప

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్లో మన తెలుగువాళ్ల కాలనీకి 2009లో ఒక వుల్వర్ వచ్చి స్థిరపడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తల తోడేలుది, ఒళ్లు మనిషిది, పుట్టిల్లు స్కాట్లండ్ దీవులు. పాపం, మహా మంచిది. సరస్సులో చేపలు పట్టి, ఇల్లు గడవనివాళ్ల కిటికీలో పెట్టి పోతుంది. ఆ దీవుల ఆచారం మనవాళ్లకు తెలియదు. తోడేలు తలకి ఎవరూ బెదరలేదు గానీ, ఏ వీసా మీద వచ్చిందని మాత్రం గట్టిగా ఆరా తీశారు.

మొదటి చేప రాజారావు కిటికీలో పడింది. అతని ఉద్యోగం ఊడిన సంగతి భార్య చరితకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే తలెత్తుకోలేనని అతని భయం. ఎదురింటి కామేశ్వరి రానే వచ్చింది.

"కిటికీలో ఆ చేపేంటండీ?"

"ప్రముఖులకే పెడుతుందటండీ. నన్నెలా సెలెక్ట్ చేసిందో మరి" అన్నాడు రాజారావు.

ఇంకేముంది, సాయంత్రానికల్లా కాలనీలో ప్రముఖుడు కానివాడు లేడు. రాజారావు పక్కింటాయన, తెలుగు సంఘం అధ్యక్షులు హరనాథ్ గారు, వుల్వర్‌కు ఘన సన్మానం తలపెట్టారు. మెడలో దండ, భుజాన శాలువా.

"ఇంతటి మహనీయ ప్రాణి మన మధ్య ఉండడం మన కమ్యూనిటీకే గర్వకారణం. ఇకపై చేపలు మన డోనర్స్‌కి ఫస్ట్ పెట్టాలని సభాముఖంగా రిక్వెస్ట్ చేస్తున్నాను" అన్నారు అధ్యక్షులు. శాకాహారుల విభాగం తమకు పనీర్ పెట్టాలని తీర్మానించింది.

శాలువా కప్పించుకున్నాక కాదంటే ఏం బావుంటుంది? దాతల కిటికీలు చేపలతో కళకళలాడాయి. రాజారావు కిటికీ ఖాళీ. పిల్లలు రోజూ ఆవకాయన్నమే తిన్నారు. వాళ్ల మొహాలు చూడలేక అతను హరనాథ్ గారి దగ్గరికి వెళ్లాడు.

"నా జాబ్ పోయిందండీ. ఆ చేప మాకు గౌరవం కాదు, కూర. వుల్వర్ పెట్టేది లేనివాళ్లకేనండీ."

హరనాథ్ గారు అటూ ఇటూ చూశారు. "మెల్లగా మాట్లాడండి. అలాంటి ఇళ్లకి వెనక గుమ్మంలో పెట్టమని నేను చెప్తాలెండి. ఫ్రంట్‌లో పెడితే కాలనీ పరువేం కావాలి?"

మర్నాడు పొద్దున్నే రాజారావు వెనక తలుపు తీశాడు. చేప ఉంది. ప్రాణం లేచొచ్చి చేతిలోకి తీసుకున్నాడు. కంచె అవతల హరనాథ్ గారు టై కట్టుకుని, తమ వెనక గుమ్మంలో వంగి ఒక చేప తీసుకుంటున్నారు. ఇద్దరూ చేపలున్న చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"ఆఫీస్‌కా సార్?"

"ఆఫీస్‌కే. మీరు?"

"నేనూ ఆఫీస్‌కేనండీ."

ఆ వరసలో మిగతా వెనక తలుపులన్నీ చప్పుడు కాకుండా మూసుకున్నాయి.