మూడో సిలిండర్‌లో రాజయ్య

ఆ గురువారం పొద్దున మెకానిక్ బిక్షపతి వేసుకున్న పథకం చాలా మామూలుది. పెళ్లాం చపాతీలకు పిసికిన పిండిలోంచి ఒక ముద్ద తీసుకోవాలి, నాలుగు బిళ్లలు చేయాలి, ఇంజిన్‌లో పెట్టి తీయాలి, కొలవాలి. ఆదివారం కల్లా బండిని నడిపించి గేటు దాటించాలి. దాటకపోతే షెడ్డు ఖాళీ చేయాలి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక తన ఇంటి ముందరున్న ఆ రేకుల షెడ్డును అద్దెకిచ్చిన లక్ష్మీనర్సమ్మ ఈ మాట పదిమంది ముందు చెప్పింది. వేరే చోట షెడ్డు దొరికే వయసూ ఓపికా బిక్షపతికి లేవు.

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. హబ్సిగూడ కుర్రాడు హృషికేశ్ తెచ్చి పడేసిన పాత జెన్ కారు ఎండాకాలం నుంచి ఆమె గేటు లోపల దారికి అడ్డంగా పడి ఉంది. కుర్రాడి తండ్రి సైంటిస్టు. కొడుక్కి సైన్సు చాలలేదు, స్పీడు కావాలి. ఇంటర్నెట్‌లో ఏదో చదివి ఇంజిన్ హెడ్డును లేతు మిషను మీద అరగదీయించాడు, వాల్వులను నొక్కే క్యామ్ షాఫ్టు పెద్దది తెప్పించాడు. దాంతో పైనుంచి వాల్వులు మునుపటికంటే కిందికి దిగుతున్నాయి. కిందినుంచి పిస్టన్లు ఎప్పటిలాగే పైకి వస్తున్నాయి. రెండూ ఢీకొనకుండా మధ్యలో కనీసం రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. లేకపోతే మొదటి స్టార్టుకే వాల్వులు వంగిపోతాయి. ఒకసారి వంగాయి కూడా. ఆ ఇంజిన్ పెట్టిన కేకకు తన దేవుడింట్లో దీపం ఆరిపోయిందని లక్ష్మీనర్సమ్మ ఇప్పటికీ అంటుంది.

సందు కొలిచే పద్ధతి బిక్షపతికి ఉస్తాదు నేర్పిందే. నాలుగు పిస్టన్ల నెత్తిన తలో పిండి బిళ్ల పెట్టి, వాటి పైనున్న రెండేసి వాల్వులకు నూనెలో కలిపిన సిందూరం పూసి, హెడ్డు బిగించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. వాల్వు దిగినచోట పిండిలో గుంట పడుతుంది. గుంట అడుగున మిగిలిన మందమే సందు.

"ఏందయ్యా, పొల్లగాండ్ల రొట్టెలు ఇంజన్లకు తినిపిస్తవా?" అంది పెళ్లాం దుర్గమ్మ.

"అది నీ పిండి తినకుంటె నా షెడ్డును మింగుతది," అన్నాడు బిక్షపతి.

మధ్యాహ్నానికి బిళ్లలు బయటికి తీశాడు. పచ్చిగా కోస్తే నలిగిపోతాయని ఎండలో గట్టిపడేందుకు కాంపౌండ్ గోడ మీద వరసగా పెట్టాడు. చేతి జిడ్డు రుద్దుకున్న నిమ్మచెక్క కూడా అక్కడే పడేసి, హెడ్డు కింద వేసే గాస్కెట్ కోసం ఉప్పల్ రింగురోడ్డుకు వెళ్లాడు.

లక్ష్మీనర్సమ్మ అదే గోడ మీద ఆరబెట్టిన వడియాలు తీసుకుందామని వచ్చి ఆగిపోయింది.

నాలుగు ముఖాలు ఆమె ఇంటివైపు చూస్తున్నాయి. ఒక్కోదానికి రెండు కళ్లు, సగం మూసినట్టుగా, ఎర్రగా. ఒకదాని నుదుటిలోంచి పొడుగాటి ఆడ వెంట్రుక వేలాడుతోంది. గాలి లేదు, అయినా ఆ వెంట్రుక కదులుతోంది. పక్కన పిండేసిన నిమ్మచెక్క. కరెంటు పోయి చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. మర్నాడు అమావాస్య.

ఇంట్లో ఉండేది నలుగురు. తను, భర్త రాజయ్య, కొడుకు రమేష్, కోడలు స్వర్ణలత. మూడో ముఖానికి కుడికన్ను మిగతావాటిలా లేదు, అడుగుదాకా దిగి చిరిగిపోయి ఉంది. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. వరండాలో కుర్చీలో రాజయ్య. ఆయన కుడికంటికి ఆపరేషన్ అయింది. దవాఖానా నుంచి వచ్చిన నాటి నుంచి మాటా పలుకూ లేకుండా, ఆ షెడ్డువైపే చూస్తూ కూర్చుంటాడు.

వడియాలు గోడ మీదే మిగిలాయి.

బిక్షపతి గాస్కెట్‌తో తిరిగొచ్చేసరికి గేటు ముందు జనం. బాణామతి విరగ్గొడతాడని పేరున్న బోడుప్పల్ తిరుపతి గోడకు దూరంగా గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"గివి ఎవలు వెట్టిన్రు?" అన్నాడు తిరుపతి.

"నేనే పెట్టిన. ముట్టకుర్రి, ఇంక ఎండలె!"

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"నాలుగూ నువ్వే జేసినవా?"

"అవ్. పిండి మా ఇంటిదే."

"మరి గా ఎంటిక?"

"అది మా ఇంటామెది."

గుంపులో ఉన్న దుర్గమ్మ చుట్టూ ఒక్కసారిగా బోలెడంత జాగా ఏర్పడింది. లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "మూడోది... గా మూడోది సంగతేంది బిక్షపతీ?"

బిక్షపతి వంగి చూశాడు. అతని ముఖం నిజంగానే పాలిపోయింది. "మూడోది ఉండదు అక్కా. సందే లేదు. ఒక్క దెబ్బకు పోతది."

లక్ష్మీనర్సమ్మ నేల మీద కూలబడింది. ఆ తర్వాత బిక్షపతి వాల్వులన్నాడు, పిస్టన్లన్నాడు, క్యామ్ షాఫ్టన్నాడు. ఎవరూ వినలేదు. చదువుకున్నవాడు చెబితే సైన్సు, మసి చేతులవాడు చెబితే మంత్రం.

తిరుపతి మాత్రం ఆ ముఖాలను చాలాసేపు చూసి లేచాడు. "నిమ్మకాయ, సిందూరం, ఎంటిక, గివన్నీ నేను గూడ వాడుత. గని కండ్లు గింత సాఫ్‌గ నాకెన్నడు రాలే. గిది పెద్ద పని. జేసినోడే ఇప్పాలె," అని సంచీ చంకన పెట్టుకుని, చెప్పులు మరిచిపోయి వెళ్లాడు.

బిక్షపతికి కావలసింది కొలత ఒక్కటే. మూడో బిళ్లను అరచేతిలో పెట్టుకుని, బ్లేడుతో కుడికన్ను మీదుగా అడ్డంగా కోశాడు. వరండాలో రాజయ్య చెయ్యెత్తి కుడికన్ను మూసుకున్నాడు. బిక్షపతి చూశాడు. ఎండ పడిందేమోలే అనుకున్నాడు. వరండాలోకి ఎండ రాదు.

"అర మిల్లీ గూడ లేదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"బతికిస్తవా బిడ్డా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"బతుకుతది అక్కా. పిస్టన్ నెత్తిన గుంట లోతు జేపిస్తె చాలు."

"జేపియ్యి! ఇయ్యాల్నే పో! అరె రమేష్, నీ బండి దియ్యిరా, బిక్షపతి మామను లేతుకాడికి తోల్కపో!"

ఖాళీ చేయమన్న నోటితోనే ఆమె ఛాయ్ తాగి పొమ్మంది.

శనివారం షెడ్డు తలుపు మూసుకుని బిక్షపతి మళ్లీ పిండి పెట్టి చూశాడు. నాలుగు బిళ్లల్లోనూ సందు సమంగా వచ్చింది. అయితే మూడోదాని కళ్ల కింద సన్నటి వంకర గీత ఒకటి ఉంది, నవ్వినట్టుగా. వెంట్రుక పడి ఉంటుందని వెతికాడు. ఈసారి పిండి పిసికింది అతనే. అతనిది బట్టతల. ఆ బిళ్లను నలిపి నూనె డబ్బాలో పడేసి మూత గట్టిగా బిగించాడు.

ఆదివారం హృషికేశ్ కొబ్బరికాయతో వచ్చాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టబోతే, అవి వద్దని జనమే లాగేశారు. బిక్షపతి కళ్లు మూసుకుని తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. ఢీ లేదు, కేక లేదు. పెద్ద క్యామ్ కాబట్టి కాస్త కుంటుతూ, గుండెలాగా కొట్టుకుంటోంది.

"సూపర్ అన్నా!" అన్నాడు హృషికేశ్. "అవునూ, వీళ్లేంటి, బండివైపు చూడరేంటి?"

అందరూ వరండావైపు చూస్తున్నారు. ఇంజిన్ కుంటినప్పుడల్లా రాజయ్య కుడి రెప్ప కొట్టుకుంటోంది. బిక్షపతి కాలు పొరపాటున యాక్సిలరేటర్ మీద పడింది. రెప్ప దోమ రెక్కలా ఆడింది. భయపడి ఇంజిన్ ఆపేశాడు. రాజయ్య కళ్లు మూతపడి, తల ఛాతీ మీదికి వాలింది.

"స్టార్ట్ జెయ్యి! స్టార్ట్ జెయ్యిరా నీ కాళ్లు మొక్కుత!" లక్ష్మీనర్సమ్మ అరిచింది.

చేశాడు. రాజయ్య తలెత్తాడు. ఇన్నాళ్లకు మొదటిసారి నోరు విప్పాడు. "మంచిగున్నది," అన్నాడు.

"సరే అన్నా, నేను బయల్దేరతాను, గేటు తీయించండి," అన్నాడు హృషికేశ్.

లక్ష్మీనర్సమ్మ వెళ్లి గేటుకు అడ్డంగా కూర్చుంది. "మా ఆయన పానం అండ్ల ఉన్నది. ఈ బండి గేటు దాటొద్దు."

"అదేంటండీ, అది నా కారు!"

"కారు నీదే. మూడోది మాది."

బిక్షపతి గొంతు సవరించుకున్నాడు. "మరి బండి దాటకుంటె షెడ్డు ఖాళీ అంటివి గదా అక్కా?"

"నువ్వు పోతె నా గతేంది? సచ్చేదాంక ఈడనే ఉండు!"

హృషికేశ్ ఆ సాయంత్రం హబ్సిగూడకు సిటీబస్సులో వెళ్లాడు. కారు గేటు లోపలే ఉంది. షెడ్డూ అక్కడే ఉంది. పొద్దున్నే బిక్షపతి ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు, రాజయ్య కళ్లు తెరిచి పేపరు చదువుకుంటాడు.

పెట్రోలు ఎవరు పోయించాలన్న పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.