రేపు మాస్టారి కాగితప్పూల తీగ

"అది మొగ్గే!" అన్నాడు రేపు మాస్టారు.

"మొగ్గయితే నడుస్తోందేమండీ?" అంది భార్య.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మొగ్గ ఆకు చివరిదాకా నడిచి, రెక్కలు విప్పి ఎగిరిపోయింది.

ఆయన వృత్తిరీత్యా టైలరు. ఎవరొచ్చినా "రేపు రండి" అంటాడు కనక వీధి వాళ్ళు పెట్టిన పేరది. మూడేళ్ళ కిందట కాగితప్పూల తీగ తెచ్చినప్పుడు, ఎండ బాగా పడుతుంది, వెనక గోడ దగ్గర నాటుదామంది భార్య. "నలుగురూ చూడొద్దూ?" అంటూ ఆయన వీధి గుమ్మం పక్కన, చక్కటి నీడలో నాటాడు. ఆకులు ఏపుగా వచ్చాయి. పువ్వు మాత్రం ఆయన కుట్టాల్సిన బట్టల్లాగే ఎప్పటికీ రాలేదు.

"ఆదివారం దాకా చూస్తా. ఒక్క పువ్వైనా పూయకపోతే పీకేసి ఇంకో తీగ పెడతా," అంది భార్య.

తీగ పోతే పోయింది. "నేను ముందే చెప్పానుగా" అన్న మాట జన్మంతా వినాలి! ఆ భయంతో మాస్టారు ఆ వారమంతా కొట్టు తలుపు దగ్గరేసుకుని పని చేశాడు. ఆదివారం పొద్దున చూస్తే తీగ నిండా గులాబీరంగు పువ్వులు.

"పూసిందే! నమ్మలేకపోతున్నా," అంది భార్య.

"ఓపిక ఉండాలోయ్," అన్నాడు మాస్టారు మీసం దువ్వుకుంటూ.

ఆవిడ ఊరుకోక పక్కింటి పిన్నిగారిని పిలుచుకొచ్చింది. పిన్నిగారు ముచ్చటపడి ఓ పువ్వు పట్టుకుని లాగింది. రాలేదు. బలంగా లాగింది. మాస్టారి కుట్టాయె! పువ్వు తెగలేదు కానీ, తీగా, అది పాకిన తడికా, తడిక్కి కట్టిన దండెం మీది బట్టలూ పిన్నిగారి మీద పడ్డాయి.

పిన్నిగారిని బయటికి తీశాక భార్య పువ్వు తిరగేసి చూసింది.

"అంచు మడిచి మరీ కుట్టారే! ఇది నేను ఆర్నెల్ల కిందట కర్టెన్లకిచ్చిన గుడ్డ కాదూ? ఇంకా కత్తెర పెట్టలేదన్నారు?"

"మొన్ననే పెట్టాను."

ఆవిడ కోప్పడబోయి, నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఓడినట్టు కనబడకుండా ఓడిపోవడమెలాగో అప్పటికి ఆలోచించి పెట్టుకున్నాడు.

"నేనో నిర్ణయానికొచ్చాను. తీగని పీకడానికి వీల్లేదు. వెనక గోడ దగ్గరికి మార్చాల్సిందే. సాయంత్రం నేనే గొయ్యి తవ్వుతా."

భార్య తలొంచుకుని అన్నం కలుపుతోంది.

"గొయ్యి గురువారమే తవ్వేశాం నాన్నా," అంది కూతురు. "మీరు పువ్వులు కుట్టుకుంటున్నారని పిలవలేదు."