సీటు నంబరు ఉన్న స్వేచ్ఛ

పుప్పాలగూడ నివాసి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మధుసూదన్ స్వేచ్ఛాజీవి అని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఇంతకుముందు తెలియజేసింది కూడా ఆయనే.

బెంగళూరు రాక్ బృందం ‘సెకండ్ గేర్’ ఏ ఊళ్లో వాయిస్తే ఆ ఊళ్లో ఆయన ఉండాల్సిందే. వేదిక ఎక్కేదాకా ఏం వాయిస్తారో వాళ్లకే తెలియదు. ఆ తెలియనితనం కోసమే ఆయన రెండు నెలల ముందే కింది బెర్తు, నడవ పక్క సీటు, ఎసిడిటీ మాత్రలు సిద్ధం చేసుకునేవాడు. ఒక్క కచేరీ కూడా తప్పలేదు. ఆ ఒక్క గొప్ప తీసేస్తే తనలో మిగిలేది మెడలోని ఆఫీసు కార్డేనని ఆయనకు లోలోపల అనుమానం. అందుకే తప్పకూడదు.

సెకండ్ గేర్ మాదాపూర్‌కు వచ్చిన ఆదివారమే తెలంగాణ ఉద్యమకారులు రోడ్ల మీద వంటావార్పుకు పిలుపునిచ్చారు. గచ్చిబౌలి దాటగానే నడిరోడ్డు మీద పొయ్యి, పొయ్యి మీద కిచిడీ, పక్కన డప్పులు. గరిటె పట్టుకున్న రామన్న కారు ఆపాడు.

“ఏంది సార్, ఏడికి?”

“కచేరీకి పోతాండా అన్నా.” కంగారులో ప్రొద్దుటూరు యాస బయటపడింది. “ముందు అనుకోకుండా, స్వేచ్ఛగా వాయిస్తారు.”

“ఈడ గూడ గంతే గద! సీమోళ్లా? జర కూసోండ్రి, కారం ఎక్కువేస్తం.”

తనలో కదిలింది భయమా, అపరాధభావమా, ఆకలా అని మధుసూదన్ విశ్లేషించుకోసాగాడు. విశ్లేషణ పూర్తికాకముందే నోరు జవాబిచ్చేసింది. “నాకు సీటు నంబరుందన్నా.”

“గట్లనా! అరే, సార్‌కు సీటున్నదంట, తొవ్వ ఇయ్యుండ్రి!”

హాల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మధుసూదన్ తన సీట్లో కూర్చుని, కళను గౌరవించి ఫోను ఆపేశాడు. చీకటి పడేదాకా ఎదురుచూశాడు.

సెకండ్ గేర్ వ్యానును కూడా రామన్న ఆ పొయ్యి దగ్గరే ఆపాడు. వాళ్లకు సీటు నంబర్లు లేవు కనుక దిగారు, తిన్నారు, గిటార్లు తీసి డప్పులతో కలిశారు. పొద్దుగూకేదాకా ఆపలేదు.

మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో, ఆ పొయ్యి దగ్గర ఆగి వాయిద్యం విన్నవాళ్లందరికీ దాని గురించి విననివాడైన మధుసూదన్ వివరించాడు. హాలు లేదు, టికెట్టు చింపలేదు, కనుక అది కచేరీ కిందికి రాదు.

“మరి నాకు ఏడుపొచ్చిందండీ,” అంది కూకట్‌పల్లి నుంచి వచ్చే సుష్మ.

“పొయ్యి పొగ.”

“అంతేనేమోలెండి,” అంది.

ఆఫీసులోని సెకండ్ గేర్ అభిమానుల సంఘం సాయంత్రానికి తీర్మానించింది: కచేరీ హాల్లోనే జరిగింది, హాజరు ఒకరు. మధుసూదన్ గొప్ప చెక్కుచెదరలేదు. ఆ హాల్లో ఏం వాయించారని ఎవరూ అడగలేదు. అందరూ లేచి ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నారు.

మీరెలాగూ కూర్చునే ఉన్నారు. లేవకండి.